కర్రకాళ్ల కాపరులు ఏమైపోయారు?

కిందటి వారం నన్ను మీరు ఎక్కడ వదిలిపెట్టారో గుర్తుందనుకుంటాను. గెడ్డపాలెం తుఫాను షెల్టర్ మెట్ల మీద, చేతిలో ఒక పాత ఫొటోతో, నోట్లో ఒక అబద్ధంతో. ఆ వారం పత్రిక చేతికి అందనివాళ్ల కోసం ఆ అబద్ధం ఎలా పుట్టిందో కాస్త చెప్పి ముందుకు పోతాను.

నా పేరు వరహాలు. కవిటి దగ్గర హైస్కూల్లో సోషల్ మాస్టారిని. అది 2002 ఫిబ్రవరి. మా తీరానికి ఇవెట్ అనే ఫ్రెంచి ఆవిడ వచ్చింది. అరవై మూడేళ్లు, ఆవిడా రిటైరైన టీచరే. ఫ్రాన్సు దేశానికి నైరుతి మూలన, సముద్రం ఒడ్డున ఉన్న లాండ్ అనే జిల్లా ఆవిడది. జిల్లాను వాళ్లు డిపార్ట్‌మెంట్ అంటారట. తొంభై తొమ్మిది అక్టోబరు తుఫానులో మా కొబ్బరి చెట్లు కూలితే, అదే ఏడాది డిసెంబరు గాలివానకు వాళ్ల వైపు పైన్ చెట్లు కూలాయి. దెబ్బ తిన్నవాడికే దెబ్బ సంగతి తెలుస్తుంది. మా ఇసుక దిబ్బ మీద గాలికి అడ్డుగా తోట వేసుకుంటే మొక్కలకూ కంచెకూ సాయం చేస్తామని వాళ్ల ఊరి సంఘం ఆవిడను పంపింది.

ఇక్కడ ఆ తోటకు పెద్దమనిషి గోపాలరావు గారు. కొబ్బరి, జీడి తోటలున్న ఆసామి. కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ కూడా ఉంది. పల్లెకూ ఆయన తోటలకూ మధ్యనున్న నలభై ఎకరాల దిబ్బ మీద సరుగుడూ జీడిమామిడీ వేసి, చుట్టూ ముళ్లకంచె కట్టాలని ఆయన తలపెట్టారు. అయితే గెడ్డపాలెం మత్స్యకారులు వలలు ఆరేసేదీ, నెత్తళ్ల చేపలు ఎండబెట్టేదీ ఆ దిబ్బ మీదే. మాకు అభ్యంతరం లేదని వాళ్లు వేలిముద్రలు వేస్తే గాని పని మొదలవదు.

ఆ సాయంత్రం ఇవెట్ గారు తన ఊరి ఫొటోలు చూపించింది. ఒకదానిలో నిలువెత్తు కర్రకాళ్ల మీద నిలబడిన గొర్రెల కాపరి ఉన్నాడు. చెట్లు లేని కాలంలో తీసిన ఫొటో అది. ఇంకోదానిలో కనుచూపు మేర పైన్ అడవి. రెండూ ఒకే చోటు. పల్లె పల్లంతా నోరు తెరుచుకుని చూసింది. అప్పుడు ఎండుచేపల కాసులమ్మ లేచి ఆవిడను అడిగింది: "ఆ సోట సెట్లేసినారు, బాగుంది. మరి కర్రకాళ్ల ఆలు ఏటయిపోనారమ్మా?"

ఇవెట్ గారికి ఇంగ్లీషులో చెప్పి, జవాబు విని, తెలుగులో చెప్పాల్సినవాణ్ని నేను. ఆ పని చేయలేదు. "ఆ అడవికి వాళ్లే యజమానులయ్యారమ్మా, సుఖంగా ఉన్నారు" అనేశాను. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో పిల్లలు ఏ ప్రశ్న అడిగినా 'నాకు తెలీదు' అన్న పాపాన పోలేదు. ట్రైనింగు రోజుల్లో చదివిన ఏదో భూగోళం పుస్తకంలో 'ఇసుక నేలలు సస్యశ్యామలమై ప్రజలు సుభిక్షంగా ఉన్నారు' అన్న వాక్యం బుర్రలో మిగిలి ఉంది. అదే బయటికొచ్చింది. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అని పిల్లల చేత కాపీ రాయించిన మనిషినే నేను.

* * *

మర్నాడు పొద్దున్న ఏడింటికి ఇవెట్ గారిని పల్లెకు తీసుకెళ్లడానికి గోపాలరావు గారి తోట బంగళాకు వెళ్లాను. ఆవిడ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. నెత్తిన గడ్డి టోపీ, భుజాన గుడ్డ సంచి, కాళ్లకు కాశీబుగ్గ బజారులో కొన్న రబ్బరు చెప్పులు. వచ్చిన రెండో రోజే బూట్లు మూలన పెట్టేసింది. ఇసుకలో ఎలా నడవాలో ఇక్కడివాళ్లను చూసి నేర్చుకోవాలి అంది. ఆ మాటతోనే నాకు ఆవిడ మీద గౌరవం పుట్టింది.

కొబ్బరి తోటల్లోంచి నడుస్తున్నాం. జీడిపూత వాసన గాలి నిండా ఉంది. పనస చెట్ల మొదళ్లకు పసికాయలు వేలాడుతున్నాయి. ఆవిడ ప్రతి పది అడుగులకూ ఆగి దేన్నో ఒకదాన్ని ముట్టుకుని చూసేది. ఆ రోజు మాత్రం ఎక్కడా ఆగలేదు. తోట దాటి దిబ్బ మొదలయ్యే చోట, మొగలి పొదల పక్కన నిలబడి నా వైపు తిరిగింది.

"నిన్న ఆ పెద్దావిడ నన్ను చూస్తూ ఒక ప్రశ్న అడిగింది. మీరు నా వైపు తిరగలేదు. మీరే జవాబు చెప్పారు. నేనూ టీచర్నే వరహాలు గారూ. పక్కవాడి ప్రశ్నకు చెయ్యెత్తే పిల్లల్ని చాలామందిని చూశాను. ఆవిడ ఏమడిగింది?"

దాచి లాభం లేదు. ప్రశ్న చెప్పాను. నేనిచ్చిన జవాబూ చెప్పాను.

ఆవిడకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఇసుక మీద కూర్చుంది. నన్నూ కూర్చోమంది. సంచిలోంచి ఆ కాపరి ఫొటో తీసి మోకాలి మీద పెట్టుకుంది.

"ఈయన మా ముత్తాత. పేరు జాన్."

నిన్న సాయంత్రమంతా ఆ ఫొటోను బళ్లో పటం చూపించినట్టు ఊరందరికీ తిప్పి చూపించాను. అందులో ఉన్నది ఆవిడ సొంత మనిషని నాకు తెలియదు.

అప్పుడు ఆవిడ చెప్పిన లాండ్, నేను పుస్తకంలో చదివిన లాండ్ కాదు. ఆ నేల చపాతీ పీటలా చదునుగా ఉండేదట. పైన ఇసుక, కొంత లోతున రాయిలాంటి గట్టి పొర. చలికాలం వానలకు నీళ్లు ఇంకేవి కావు, మైళ్ల మేర చిత్తడి. అందుకే కాపరులు కర్రకాళ్లు కట్టుకునేవారు. కాళ్లు తడవవు, దూరాన ఉన్న మంద కనబడుతుంది, పెద్ద పెద్ద అంగలతో గుర్రంతో సమానంగా పోవచ్చు. వీపుకు మూడో కర్ర ఆన్చుకుని కూర్చున్నట్టే నిలబడి, మగవాళ్లే మేజోళ్లు అల్లుకునేవారట. గొర్రెలు ఉన్నికీ మాంసానికీ కాదు, ముఖ్యంగా ఎరువు కోసం. ఆ ఎరువు వేస్తేనే ఆ ఇసుకలో గుప్పెడు రై అనే గోధుమలాంటి గింజలు పండేవి. మంద మేసే నేల ఎవరిదీ కాదు, ఊరందరిదీ.

"వరహాలు గారూ, మా ఇళ్లు చూస్తే మీకు నచ్చుతాయి" అందావిడ. ఆ మాట అంటున్నప్పుడు ముఖం వెలిగిపోయింది. "సముద్రపు గాలి పడమటి నుంచి కొడుతుంది. అందుకని కప్పు ఆ వైపు నేల దాకా వాలి ఉంటుంది, గుమ్మం తూర్పుకు ఉంటుంది. నాలుగైదు ఇళ్లు కలిసి ఒక చోట ఉంటాయి. మధ్యన పచ్చగడ్డి, పెద్ద ఓక్ చెట్ల నీడ, అందరికీ కలిపి ఒక రొట్టెల పొయ్యి. నక్కలు అందుకోకుండా కోళ్ల గూడు కూడా కర్రకాళ్ల మీదే. ఆ జాగాను ఐరియాల్ అంటాం. ఐరియాల్‌కు కంచె ఉండదు. ఎప్పుడూ లేదు, ఇప్పటికీ లేదు."

నాకు వెంటనే గెడ్డపాలెం ఇళ్లు గుర్తొచ్చాయి. వంగితే గాని దూరలేని చూరులు, సముద్రానికి వీపు పెట్టిన గుడిసెలు. ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల కూడా గాలికి మనిషి ఇచ్చిన జవాబు ఒకటే. ముప్ఫై ఏళ్లు భూగోళం చెప్పి, ఆ పొద్దున్నే దాన్ని మొదటిసారి ప్రేమించాను.

"తర్వాత 1857లో ఒక చట్టం వచ్చింది" అంది ఇవెట్ గారు.

"మా సిపాయిలు తిరగబడిన ఏడాది" అన్నాను, ఆగలేక.

"మా వాళ్లు కూడా తిరగబడ్డారు. కాకపోతే ఏ పుస్తకంలోనూ అంత పెద్దగా రాయలేదు. ఊరుమ్మడి నేల మీద కాలవలు తవ్వి పైన్ చెట్లు నాటాలన్నారు. నాటే స్తోమత లేని ఊళ్లు నేలను అమ్మేశాయి. ఉన్నవాళ్లు కొన్నారు. మంద మేయడానికి చోటు లేదు. మా ముత్తాత గొర్రెల్ని అమ్ముకున్నాడు. ఒక వేసవిలో వెళ్లి, లేత పైన్ మొక్కలకు నిప్పు పెట్టాడు."

ఆవిడ ఫొటోను బోర్లా తిప్పింది.

"మా ఇంట్లో ఈ సంగతి ఎవరూ పైకి అనలేదు. నాకు ఉద్యోగం వచ్చిన రోజున మా నానమ్మ చెవిలో చెప్పింది. ఆయన కొడుకు, అంటే మా తాత, అదే అడవిలో ఇంకొకరి చెట్లకు జిగురు గీసి బతికాడు. బెరడు గీసి, మట్టి పిడత కడితే, బొట్టు బొట్టుగా జిగురు కారుతుంది. అందులో సగం చెట్టు యజమానికి, సగం గీసినవాడికి. ఆ జిగురు మీదే మా నాన్న బడికి వెళ్లాడు. ఆ అడవి అంటే నాకు ప్రాణం వరహాలు గారూ. తొంభై తొమ్మిదిలో చెట్లు కూలినప్పుడు ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చాను. కానీ కర్రకాళ్లవాళ్లు సుఖంగా ఉన్నారని మాత్రం అనకండి. ఆవిడ అడిగింది సరైన ప్రశ్న. నూట యాభై ఏళ్ల కిందట మా ఊళ్లో ఒక్కరైనా ముందుగా అడగాల్సింది."

లేచి ఇసుక దులుపుకుంది. "ముద్రలు వేయకముందే ఆవిడకు నిజం చెప్పండి" అంది. సరేనన్నాను. గోపాలరావు గారి ముందు ఆ మాట ఎలా అనాలా అని దిబ్బ పొడుగునా కూడబలుక్కుంటూ నడిచాను.

* * *

మేము వెళ్లేసరికి షెల్టర్ ముందు ఒకటే నవ్వులు. పల్లె పెద్ద తాతారావు, కాసులమ్మకు స్వయానా తమ్ముడు, రెండు సరుగుడు గెడలకు అడ్డుచెక్కలు కొట్టి కర్రకాళ్లు తయారుచేశాడు. ఎక్కి మూడడుగులు వేసి ఇసుకలో బొక్కబోర్లా పడ్డాడు. మీసాల నిండా ఇసుక.

"ఇచ్చాపురం అవతల ఒడియా గౌళ్లు, ఆవులు కాసేవోళ్లు, రణపా అని ఇలాగే ఆడతారు మేస్టారూ" అన్నాడు సిగ్గుపడకుండా. "ఆలకి ఒచ్చింది నాకు రాదేటి?"

"తెప్ప మీద నిలబడ్డోడికి కర్ర మీద నిలబడ్డం ఒచ్చేత్తాదేటిరా?" అంది కాసులమ్మ. ఇవెట్ గారు నవ్వి, వెళ్లి తాతారావు చెయ్యి పట్టుకుని లేపింది. వెనక్కి వాలకూడదు, ముందుకు పోతూనే ఉండాలని చేతులతో చూపించింది. రెండోసారి ఆరడుగులు నడిచాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

గోపాలరావు గారు షెల్టర్ నీడన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ముందు చిన్న బల్ల, దాని మీద కాగితాలు, ఇంకు పెట్టె. "రండి మేస్టారూ. మొదలెట్టేద్దాం. పదింటికి కొలతల వాళ్లు వస్తారు, రాళ్లు పాతేస్తే ఓ పనైపోతుంది" అన్నారు. తాతారావు బొటనవేలు తుడుచుకుంటూ బల్ల దగ్గరికి నడిచాడు.

ఇక ఆలస్యం చేస్తే అయిపోయేది. "ఆగు తాతారావూ" అన్నాను. "నిన్న కాసులమ్మ అడిగినదానికి నేను చెప్పిన జవాబు తప్పు. ఈవిడను అడక్కుండా నేనే చెప్పాను. కర్రకాళ్లవాళ్లు యజమానులు కాలేదు. వాళ్ల నేల పోయింది."

గోపాలరావు గారు నన్ను ఎగాదిగా చూశారు. కోప్పడలేదు. అదే ఇంకా ఇబ్బందిగా ఉంది.

"ఏటి మేస్టారూ ఇది? నిన్నొక మాట, ఇవాళొక మాట. నిన్నటిది మీ మాటైతే, ఇవాళ్టిది మాత్రం ఆవిడ మాటేనని మాకేటి నమ్మకం?"

జనంలో గుసగుసలు లేచాయి. "నిజమే గదా, మేస్టారు ఏటి సెప్తే అదే గదా మనకి" అని ఎవరో అన్నారు. ఒక్క అబద్ధం ఆడినందుకు ఇప్పుడు నిజం కూడా నా నోట్లో పనికిరాకుండా పోయింది. ఆ క్షణంలో భూమి చీలితే బాగుండు అనిపించింది.

కాసులమ్మ ముందుకొచ్చింది. చేతులకింకా నెత్తళ్ల పొలుసు మెరుస్తోంది. "నువ్వు తప్పుకో మేస్టారూ. ఆయమ్మే సెప్తాది."

"ఆవిడకు తెలుగు రాదమ్మా."

"నాకు ఇంగిలీసు రాదు. ఇద్దరివీ ఇసక ఊళ్లే గదా. ఇసక మీద సెప్పమను."

చేత్తో నేల చూపించింది. ఇవెట్ గారికి నా అవసరం లేకుండానే అర్థమైంది. అక్కడికక్కడే మోకాళ్ల మీద కూలబడి అరచేత్తో ఇసుక చదును చేసింది.

ముందు ఒక తిన్నని గీత గీసి, మా సముద్రం వైపు చూపించింది. అదే వాళ్ల సముద్రం. గీత పక్కన దిబ్బలు, వాటి వెనక చెరువులు. లోపలికి నాలుగు చిన్న ఇళ్లు, చుట్టూ ఒక గుండ్రం. ఆ గుండ్రాన్ని గీతగా కాక వేలితో చుక్కలు చుక్కలుగా పెట్టింది, కంచె కాదని తెలియడానికి. ఇళ్ల అవతల ఖాళీ నేలంతా గుల్లలు ఏరి పరిచింది. "మే, మే" అని గొర్రెలా అరిచింది. ఫ్రాన్సు గొర్రె కూడా మా గొర్రెలాగే అరుస్తుందని పిల్లలు పడీ పడీ నవ్వారు. రెండు పుల్లలు గుచ్చి, వాటి మీద అడ్డంగా ఒక ఆకు పెట్టింది. అది జాన్.

కాసులమ్మ కూడా ఎదురుగా గొంతుక్కూర్చుంది.

ఇవెట్ గారు సరుగుడు కాయలు తెమ్మని సైగ చేసింది. పిల్లలు ఒళ్లో పోసుకుని తెచ్చారు. ఒక్కో కాయా ఒక చెట్టు. వరసగా పెట్టడం మొదలుపెట్టింది. కాయ పెట్టిన చోట గుల్లను తీసేసేది. తీసిన గుల్లను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూస్తే, కాసులమ్మ చెయ్యి చాపింది. ఒక్కో గుల్లా ఆ చేతిలో పడుతోంది. చుట్టూ నవ్వులు ఆగిపోయాయి. చివరికి నేల నిండా కాయలు, కాసులమ్మ దోసిలి నిండా గుల్లలు. ఇళ్లూ, వాటి చుట్టూ చుక్కల గుండ్రమూ మాత్రం అలాగే ఉన్నాయి.

కాసులమ్మ దోసిలి ఆవిడ ముందుకు చాపింది. ఇవెక్కడ పెట్టను అని అడుగుతోందని అందరికీ తెలుసు.

ఇవెట్ గారు తల అడ్డంగా ఊపింది. పెట్టడానికి చోటు లేదు. జాన్ పుల్లలు రెండూ పీకి, సగానికి విరిచి, పొట్టిగా చేసి ఒక కాయ పక్కన గుచ్చింది. కాయను గోటితో గీకి, కింద చిప్ప పట్టినట్టు అరచెయ్యి పట్టింది.

"కల్లు గీతలాగుందే!" అన్నాడు తాతారావు.

"ఆ సెట్టెవుల్దీ?" అంది కాసులమ్మ. కాయను చూపించి, గడ్డంతో గోపాలరావు గారి కుర్చీ వైపు చూపించింది. ఇవెట్ గారు కుర్చీ వైపు చూసి, అవునన్నట్టు తల ఊపింది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచుకోలేదు.

* * *

గోపాలరావు గారు చెడ్డవారని మీరు అనుకుంటే అది నేను చెప్పడంలో లోపం. ఆయన లేచి నిలబడ్డారు.

"కాసులమ్మా, తుఫానులో నా చెట్లు మూడొందలు పోయాయి. మా నాన్న చేత్తో పాతినవి. అవి ఉండబట్టే మీ గుడిసెలు అన్నయినా మిగిలాయి. మళ్లీ అలాంటి గాలొస్తే అడ్డం ఏదీ? ఆ రోజు మీ పిల్లలకి గంజి కాసింది మా ఇంట్లో కాదా?"

"నీ గంజి తాగినాం బాబూ. కాదంతే కళ్లు పోతాయి" అంది కాసులమ్మ. "సెట్టంటే మాకు పగేటి? ఎయ్యి. గాలొచ్చే దిక్కున ఎయ్యి." కాయలు కొన్ని తీసుకుని ఇళ్ల వెనక విల్లులా వంపు తిప్పి పరిచింది. మధ్యన ఖాళీ వదిలింది. ఆ ఖాళీలో దోసిలి గుల్లలన్నీ కుమ్మరించి, సముద్రం దాకా వేలితో దారి గీసింది. "ఇది మాత్రం ఒగ్గీ. ఇక్కడ ముళ్లతీగొద్దు."

ఇవెట్ గారు రెండు చేతులూ ఎత్తి, "ఐరియాల్!" అని కేకేసింది.

"కంచె లేకపోతే మేకలు మొక్కను బతకనిస్తాయా?" అన్నారు గోపాలరావు గారు. "సగం కట్టి సగం వదిలితే అది కంచేటి? పెద్ద పని తలపెట్టినప్పుడు చిన్న చిన్నవి చూసుకుంటే అవదు. ముద్రల సంగతి తర్వాత చూద్దాం. ముందు కొలతలు కానీండి." కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, కొలతల వాళ్లకు ఎదురెళ్లారు.

కాసులమ్మ ఆయన వెళ్లిన వైపు చూసింది. ఎండ చూసింది. "ఒరే తాతారావూ, పల్లెలో వలలెన్నున్నాయి?" అంది.

"వందకి తక్కువుండవు. ఏం?"

"తడివీ, పొడివీ, సిరిగినవీ, కొత్తవీ. అన్నీ మొయ్యండి."

ఇక్కడ మా తీరం పద్ధతి ఒకటి చెప్పాలి. ఆరేసిన వలను ఎవరూ దాటరు. అది గంగమ్మ కొంగు. చుట్టూ తిరిగి పోవాలి గాని మీదుగా కాలు వేయకూడదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తెలియక ఒక వల దాటేశాను. పల్లె పల్లంతా నా మీదికొచ్చింది. కొబ్బరికాయ కొట్టి, పసుపునీళ్లు చల్లి, వలకు మొక్కితే గాని వదల్లేదు. ఆ వల తిరిగి సముద్రంలోకి వెళ్లే దాకా నాకు నిద్ర పట్టలేదు. గోపాలరావు గారికైతే ఈ పద్ధతి నేను చెప్పక్కర్లేదు. గంగమ్మ పండగకు మొదటి కొబ్బరికాయ కొట్టేది వాళ్ల ఇంటివాళ్లే.

పది గంటలకు కొలతల వాళ్లు గొలుసూ రాళ్లూ పట్టుకుని వచ్చేసరికి దిబ్బ కనబడలేదు. మొగలి పొదల నుంచి తడి ఇసుక దాకా వలలే. నీలం నైలానువి, పాతబడి గోధుమరంగు తిరిగినవి, మాసికలు వేసినవి, ఒకదాని అంచుకు ఒకటి తగిలేలా పరిచి ఉన్నాయి. ఆడవాళ్లు వాటి వెనక గంపలు పెట్టుకుని నెత్తళ్లు ఆరబోస్తున్నారు, రోజూ చేసే పనే అన్నట్టు. గొలుసు పట్టుకున్న కుర్రాడు సోంపేట వైపువాడు. వల అంచు దాకా వచ్చి ఆగిపోయాడు. "నా వల్ల కాదండీ" అన్నాడు.

ఇవెట్ గారు నన్ను మోచేత్తో పొడిచింది. "ఏం జరుగుతోంది? వాళ్లెందుకు ఆగిపోయారు?"

జవాబు నా నాలిక చివర ఉంది. మింగేశాను. కాసులమ్మ వైపు తిరిగాను. "ఆవిడ అడుగుతోందమ్మా. ఏమని చెప్పమంటావు?"

కాసులమ్మ నన్ను చూసి మొదటిసారి నవ్వింది. "మాకూ కంచె నేదు, గడపుంది అని సెప్పు."

అక్షరం మార్చకుండా చెప్పాను. ఇవెట్ గారు రబ్బరు చెప్పులు విడిచి, వల అంచున ఇసుకలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది, వాళ్ల ఊరి ఓక్ చెట్టు నీడన కూర్చున్నంత నిమ్మళంగా.

గోపాలరావు గారు వాళ్ల వెనకాలే వచ్చారు. గొలుసు కుర్రాణ్ని పక్కకు నెట్టారు. కొలత రాయి తన చేతుల్లోకే తీసుకున్నారు. అడుగు వేయబోయి కిందకు చూశారు. ఆయన కాళ్ల ముందు పరిచిన వల మిగతావాటిలా పాతది కాదు. ముదురు ఆకుపచ్చ నైలాను, అంచుకు ఎర్రదారం. తుఫానులో తెప్పలూ వలలూ కొట్టుకుపోయినప్పుడు ఆయనే బరంపురం వెళ్లి కొని తెచ్చి, ఈ దిబ్బ మీదే తన చేత్తో కాసులమ్మ చేతుల్లో పెట్టిన వల. దాన్ని కావాలనే అక్కడ పరిచిందని ఆయనకూ తెలిసింది, నాకూ తెలిసింది.

ఆయన ముఖం ఎర్రబడింది. నెమ్మదిగా చెప్పులు విడిచారు. రాయి రొమ్ముకు ఆన్చుకుని కుడికాలు ఎత్తారు.

కాసులమ్మ చేతిలో గంప దించలేదు, లేవలేదు.

"ఎత్తిన కాలు ఎక్కడ దించుతావో సూసుకో బాబూ" అంది.